ఆదివారం సిగ్నలు

మా వైపు నెట్ అనే మాటకు చాలా ఏళ్లు ఒకటే అర్థం ఉండేది. సరుకుతో నిండిన లారీ కాటా మీదికి ఎక్కితే వచ్చే బరువు గ్రాస్. ఖాళీ లారీ బరువు టేర్. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది నెట్. ఇనుప రాయికి ధర కట్టేది ఆ నెట్ మీదే. బళ్లారి చుట్టుపక్కల మైన్సు జోరుగా నడిచిన ఆ రోజుల్లో టీ అంగడి ముందు కూచున్న ఎవరిని అడిగినా ఈ తీసివేత నోటితో చేసి చెప్పేవాళ్లు. నేను అందరికన్నా ఎక్కువగా చేసేవాణ్ణి. రూపనగుడి దారిలో ఉన్న ఒక స్టాక్‌యార్డులో, కాటా గదిలో కూచుని బరువులు రాయడమే నా ఉద్యోగం.

అందుకే ఒకరోజు సాయంత్రం మా ఆవిడ "మన ఇంటికి నెట్ పెట్టించాల" అన్నప్పుడు, ఇంట్లో తూచడానికి ఏముంది అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. బియ్యం డ్రమ్ము వైపు కూడా చూశాననుకుంటాను.

ఆమె సంగతి చెప్పాలి. పెళ్లికి ముందు నుంచీ ఆమె మిషన్ ఆసుపత్రిలో రికార్డుల గదిలో పనిచేసింది. డాక్టర్లు చెప్పింది చెప్పినట్టు టైపు చేయడం ఆమె పని. తెల్లదొరల ఇంగ్లిషు, కేరళ డాక్టర్ల ఇంగ్లిషు, మన గుంటూరు డాక్టర్ల ఇంగ్లిషు, అన్నీ ఆమె చెవికి ఒకటే. ఆసుపత్రి కొంచెం కొంచెంగా చిక్కిపోయి, చివరికి ఆ గదికి తాళం పడింది. ఆమె ఇంటికొచ్చేసింది. ఊరికే ఉండలేక పొరుగువాళ్లకు జాకెట్లు కుట్టింది, చర్చిలో పిల్లలకు పాటలు నేర్పింది. కానీ ఏ పని చేస్తున్నా ఆమె వేళ్లు బల్ల మీద ఊరికే ఆడుతూ ఉండేవి.

ఆసుపత్రిలో ఆమెతో పనిచేసిన ఒకామె బెంగళూరులో ఒక ఆఫీసులో చేరింది. పరాయి దేశాల డాక్టర్లు మాట్లాడి పంపే మాటలను విని టైపు చేసే ఆఫీసు అది. ఇంట్లో కూచుని కూడా ఆ పని చేయొచ్చట. మాటలు నెట్ లోనే వస్తాయి, టైపు చేసింది నెట్ లోనే పోతుంది. ముందు ఒకరోజు పరీక్ష పెడతారు, అందులో గెలిస్తే పని ఇస్తారు. కంప్యూటరు ఆమె, ఆసుపత్రివాళ్లు చివర్లో ఇచ్చిన డబ్బుతో అప్పటికే కొనుక్కుంది. బల్ల మీద పువ్వుల గుడ్డ కప్పుకుని అది ఎదురు చూస్తోంది.

"నలభై అయిదు దాటినాయి. ఇంగ నన్ను పిలిచి పనిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు," అంది ఆమె. "ఈ పని నాకు కావాల. నీకు లెక్కలొస్తాయి కదా, యాది మంచిదో చూసి పెట్టించు."

ఆమె జీవితంలో చేసిన పెద్ద పొరపాటు, నన్ను చేసుకోవడం కాకుండా, ఇదే.

నేను పెద్దగా చదువుకోలేదు. శాతాలు, సరాసరులు అన్నీ కాటా గదిలో సొంతంగా నేర్చుకున్నవే. సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది, నేర్చుకున్నదాన్ని ప్రతిచోటా వాడి చూడాలనిపిస్తుంది. సబ్బు కొంటే గ్రాముకు ఎంత పడిందో చూస్తాను. అగ్గిపెట్టెలో పుల్లలు లెక్కపెట్టి రెండు కంపెనీలను పోల్చిన రోజులున్నాయి. మా ఇంట్లో కుక్కరు కొనే లోపల మా పక్కింటివాళ్లు కుక్కరు కొని, పాడు చేసుకుని, ఇంకొకటి కొన్నారు. అలాంటి నాకు నెట్ పోల్చమని పని అప్పగిస్తే ఆగుతానా?

మా ఊరికి అప్పుడు మూడు దారులున్నాయి. సర్కారు ఫోను తీగ ఒకటి. టీవీ కేబులు అతను పక్క ఊరి నుంచి లాగుతానంటున్న తీగ ఒకటి. తీగే లేకుండా, బొటనవేలంత ముక్కను కంప్యూటరుకు గుచ్చితే టవరు నుంచి గాలిలో పట్టుకునే డేటా కార్డు మూడోది.

కేబులు అతన్ని నేను తొందరగానే పక్కన పెట్టాను. అతని తీగ కరెంటు స్తంభాల మీద కొంత దూరం, ఎవరి పెరట్లోనో మునగచెట్టు మీద కొంత దూరం వస్తుంది. మునక్కాయలు కోసేటప్పుడు నెట్ ఉండదా అని అడిగాను. మునక్కాయలు సంవత్సరమంతా కాయవు కదా అని ధైర్యం చెప్పాడు.

సర్కారు ఫోను లైన్‌మ్యాన్‌ను ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చాను. మంచి మనిషి. మోపెడ్ మీద ఎర్రదుమ్ము కొట్టుకుని వచ్చాడు. ఖనిజం లారీల కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారని, జేసీబీ వచ్చినప్పుడల్లా భూమిలో తీగ తెగుతోందని చెప్పాడు. ఎంత స్పీడు వస్తుందని అడిగితే రెండువందల యాభై ఆరు అన్నాడు. అది గ్రాసా, నెట్టా అని అడిగాను.

"అదే నెట్ అన్నా."

"కాదప్పా. తీగ తెగిన దినాలు తీసేస్తే మిగిలేది ఎంత?"

అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నెట్ కావాలంటావు. మళ్లా నెట్ ఎంత అంటావు. నాకు తల తిరుగుతాండాదన్నా."

నాకు మాత్రం ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు. పైగా గర్వంగా అనిపించింది. కంపెనీలు చెప్పే స్పీడు గ్రాస్. అందులో తెగిన రోజులు, కరెంటు లేని గంటలు టేర్. ఆ టేర్ తీసేసి చూసినవాడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకున్నాను. రూపనగుడిలో ఒక టీచరు ఇంట్లో ఆ సర్కారు లైను ఉండేది. డ్యూటీ దిగాక వాళ్లింటికి పోయి, ఒక పాటను దించుకోవడానికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టి చూసేవాణ్ణి. కొన్ని రోజులు పాట వచ్చేది. కొన్ని రోజులు టీచరుగారి టీ మాత్రమే వచ్చేది. తర్వాత తర్వాత టీ కూడా మానేశారు.

ఇక డేటా కార్డు. దాని కోసం బళ్లారికి, బ్రూస్‌పేటకు పోయాను. అక్కడ ఒక శెట్టిగారి అంగడి ఉంది. వాళ్ల తాత కాలంలో గడియారాలు, వాళ్ల నాన్న కాలంలో రేడియోలు, ఆయన కాలంలో ఫోన్లు. కార్డును చూడకుండా కొనను, కొన్నాళ్లు వాడి చూస్తానని చెప్పాను. వేరే ఎవరైనా నన్ను బయటికి పంపేవాళ్లు. ఆయన మా మామగారికి రేడియో అమ్మిన ఇంటి మనిషి.

"ఆయ్తు, రాప్పా," అన్నాడు. "ఆదివారం నా అంగడి బందు. శనివారం సాయంత్రం తీసుకపో, సోమవారం పొద్దున్నే తెచ్చియ్యి. పోగొడితే మాత్రం నీ కాటా మీద నిన్నే తూచి తీసుకుంటా."

నాకు అది దేవుడిచ్చిన ఏర్పాటులా తోచింది. ఆదివారమే నాకూ సెలవు. ఆదివారం మా యార్డులో కాటా మూత, పర్మిట్లు ఇవ్వరు, లారీలు కదలవు. పొద్దున ఆరాధనకు వెళ్లొచ్చి, మధ్యాహ్నం తీరిగ్గా కార్డు పెట్టుకుని కూచునేవాణ్ణి. అదే పాటను దించేవాణ్ణి. బియ్యం డ్రమ్ము మీద, బీరువా మీద, కిటికీలో, మిద్దె మెట్ల మీద, ఇంట్లో ప్రతి మూలా కార్డు పెట్టి చూశాను. ఒక ఆదివారం చూసి నమ్మడం తెలివితక్కువతనమని, ఇంకో ఆదివారం చూశాను. సరాసరి తీయాలంటే రెండు చాలవని మూడో ఆదివారం చూశాను. అట్లా నెల దాటిపోయింది. ప్రతిసారీ పాట పరుగెత్తుకుంటూ వచ్చేది. సర్కారు లైను దాని ముందు నిలబడలేదు.

బెంగళూరులో ఉన్న స్నేహితురాలు రెండుసార్లు ఫోన్ చేసింది. ఇంకా నెట్ రాలేదా, ఇక్కడ ఖాళీలు నిండిపోతున్నాయి అని.

ఆ రోజు మా ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నన్ను చూసేకి వచ్చినప్పుడు ఒక టీ తాగేంతలో ఒప్పుకున్నావు. ఈ ముక్కకు ఇన్ని వారాలా?"

"అప్పుడు పోల్చేకి రెండోది లేదు కదా," అన్నాను.

లెక్కల మనిషిగా నేను నిజమే చెప్పాను. రెండు రోజులు ఇంట్లో మజ్జిగన్నం తప్ప ఏమీ వండలేదు.

చివరికి తీర్పు చెప్పాను. డేటా కార్డే. నెలనెలా కట్టడం కన్నా సంవత్సరానికి ఒకేసారి కడితే నెలకు తక్కువ పడుతుందని, సంవత్సరానికే కట్టేశాను. శెట్టిగారు నన్ను మెచ్చుకుంటూ చేయి పట్టుకుని ఊపాడు. అమ్మేవాడు అంత మెచ్చుకున్నప్పుడు కొన్నవాడు ఆలోచించాలి. నేను ఆలోచించలేదు.

పరీక్ష మంగళవారం అని ఖాయమైంది. చూడాల్సిందంతా చూసేశాను కదా అని, అప్పటిదాకా కొత్త కార్డును డబ్బాలోంచి తీయలేదు. పొద్దున తొమ్మిదికి మాటలు పంపుతారు, సాయంత్రం లోపల టైపు చేసి తిప్పి పంపాలి. నేను యార్డులో సెలవు చెప్పి ఇంట్లోనే ఉన్నాను. అవసరమని కాదు, నేను కట్టిన లెక్క గెలవడం నా కళ్లతో చూద్దామని. ఆమె పొద్దున్నే తలస్నానం చేసి, ఆసుపత్రి డ్యూటీకి పోయినప్పటిలా గంజి పెట్టిన చీర కట్టుకుంది. కంప్యూటరు మీది గుడ్డ తీసి మడిచి పెట్టింది. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుంది.

తెర మీద పచ్చగీత కదలడం మొదలైంది. జొన్నగింజ అంత జరిగింది. ఇంకో గింజ. ఆగిపోయింది.

మళ్లీ పెట్టాం. రెండు గింజలు. ఆగిపోయింది.

నేను కార్డు తీసి, ఎర్రదుమ్ము ఊది, గుడ్డతో తుడిచి మళ్లీ గుచ్చాను. నా ఆదివారాల అనుభవంతో కంప్యూటరును బల్లతో సహా కిటికీ దగ్గరికి జరిపించాను. తర్వాత బీరువా దగ్గరికి. ఆమె హెడ్‌ఫోను తీయకుండా, బల్లతో పాటు జరిగింది. గంట పది దాటింది. ఇంట్లో జరగని మూల లేక, మిద్దె మీద సిగ్నలు ఎట్లా ఉందో నా ఫోనులో చూద్దామని పైకెక్కాను.

మిద్దె మీది నుంచి రోడ్డు కనిపిస్తుంది. మా యార్డు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. అది నేను రోజూ చూసేదే. రోజూ కాటా గది కిటికీలోంచి చూస్తాను, పైనుంచి కాదు. పైనుంచి చూస్తే వేరే సంగతి కనిపించింది. ప్రతి లారీలో ఒక డ్రైవరు, ఒక క్లీనరు. ప్రతివాడి చెవి దగ్గర ఒక ఫోను. కొందరు ఫోను చేత్తో ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆ లారీలన్నింటికీ, మా ఊరికీ కలిపి దూరంగా ఒకే ఒక్క టవరు.

మా గోడ పక్కనే తిరుగుతున్న ఒక డ్రైవరు నన్ను గుర్తుపట్టాడు. యార్డుకు చాలా రోజులుగా వచ్చే మనిషే. "కాటన్నా, మిద్దె మీద సిగ్నల్ దొరుకుతాందా?"

"లేదప్పా. ఏమైంది ఈ పొద్దు?"

"ఈ పొద్దేముండాది, రోజూ ఇంతే కదా. లారీలు నిలబడితే టవరు సచ్చిపోతాది. మీరు ఈడనే ఉంటారు, మీకు తెలీదా? ఆదివారమైతే బలే దొరుకుతాది."

మెట్లు దిగేటప్పుడు నా కాళ్లకు తొందర లేదు. రోజుకు ఎన్ని లారీలు ఆ రోడ్డెక్కుతాయో ఈ భూమ్మీద ఎవరికైనా సరిగ్గా తెలుసంటే అది నాకు. ఒక్కొక్కదానికీ టేర్ తీసిందీ నేనే. టవరు మీద ఎక్కిన అవే లారీలను తీయడం మాత్రం మర్చిపోయాను. సర్కారు లైనును పనిదినాల్లో చూశాను, కార్డును సెలవు దినాల్లో చూశాను. రెండు పక్కలా రెండు రకాల రాళ్లు వేసి తూచి, తక్కెడ ఇటు మొగ్గిందని మురిసిపోయాను. మా యార్డులో వేరేవాడు ఇట్లా తూచి ఉంటే వాడిని నేనే గేటు బయట నిలబెట్టేవాణ్ణి.

ఆమెకు చెప్పాను. దాచడానికి వీలు లేదు, పచ్చగీత అక్కడే ఆగి ఉంది.

"అన్నీ ఆదివారాలే చూసినావా?"

"అన్నీ."

"ఒక్క సోమవారమన్నా?"

"సోమవారం కార్డు శెట్టి దగ్గర ఉంటాది కదా."

ఆమె తిడుతుందని సిద్ధంగా నిలబడ్డాను. తిట్టలేదు. హెడ్‌ఫోను తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది. గంజి చీర కుచ్చిళ్లు సరిచేసుకుంది. ఆమె చేతివేళ్లు ఆ రోజు బల్ల మీద ఆడలేదు.

కొంచెంసేపటికి లేచి చెప్పులేసుకుంది. మొబైలు ఎట్లాగూ కలవదు కాబట్టి టీ అంగడిలో ఉన్న రూపాయి ఫోను దగ్గరికి నడిచింది. ఆ రోజు జేసీబీ ఎక్కడికి పోయిందో గానీ తీగ తెగలేదు. నేను చిల్లర పట్టుకుని వెనకే పోయాను. అంతకు మించి నాకు పనేమీ మిగల్లేదు.

బెంగళూరు ఆఫీసులో పై అధికారిణితో ఆమె కన్నడంలో మాట్లాడింది. సాకులు చెప్పలేదు. నా పేరెత్తలేదు. మా ఊరిలో పనిదినాల్లో నెట్ రాదని, పరీక్ష ఈ రోజు రాయలేనని చెప్పింది. అవతలి గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. సరేనమ్మా, వేరేవాళ్లను చూసుకుంటాం అన్నట్టుగా ముగించబోతోంది. మా ఆవిడ ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"భానువార బరుత్తె మేడం. భానువార పూర్తి బరుత్తె," అంది. ఆదివారమైతే పూర్తిగా వస్తుందని.

నేను ఇంకో రూపాయి వేశాను.

"నిజవాగ్లూ భానువార కూత్కోతీరా?" నిజంగా ఆదివారం కూచుంటారా అని ఆ గొంతు అడిగింది. దాని స్వరమే మారిపోయింది. ఆదివారాలు పని పోగుపడుతుందట. వారమంతా చేస్తామనేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆదివారం అంటే అందరికీ ఏదో ఒక పెళ్లి ఉంటుందట.

మా ఆవిడ నా వైపు చూడకుండా "హౌదు, కూత్కోతీని" అంది, అవును, కూచుంటానని. పరీక్ష వచ్చే ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు మారింది.

మా ఇంట్లో ఆదివారం కూరగాయలు కూడా కొనరు. మా నాన్న కాలం నుంచీ అంతే. పైగా నేను చర్చిలో పెద్దను, కానుకల లెక్క చూసేవాణ్ణి. ఇంటికి నడుస్తూ "ఆదివారం అంటే..." అని మొదలుపెట్టాను.

"ఆసుపత్రిలో ఎన్ని ఆదివారాలు డ్యూటీ చేయలేదు నేను? రోగులు సోమవారం దాకా ఆగుతారా?" అంది. నాలుగడుగులు నడిచి, "పాస్టరు అయ్యగారితో నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?" అంది.

నేనే చెప్తానన్నాను. అంత మాత్రం చేయకపోతే ఇంట్లో అడుగు పెట్టే ముఖం లేదు.

సాయంత్రం పాస్టరు అయ్యగారి ఇంటికి పోయి అంతా వివరించాను. లారీల సంఖ్యతో మొదలుపెట్టాను. టవరు, టీచరుగారి లైను, సరాసరి, గ్రాస్, టేర్, ఏదీ వదల్లేదు. ఆయన ఓపిక గల మనిషి, కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"ఆమె పని ఎన్ని గంటలకు మొదలు?" అని అడిగాడు.

"పన్నెండుకు, అయ్యగారూ."

"మన ఆరాధన పదకొండున్నరకే అయిపోతాది కదప్పా. ఇంగ ఈ లెక్కంతా నాకెందుకు చెప్తాండావు?" అని, నన్ను అనుమానంగా చూశాడు. "నా ప్రసంగం తగ్గించమని చెప్పేకి వచ్చినావా?"

కాదని నమ్మించడానికి ఇంకో పావుగంట పట్టింది.

ఆదివారం వచ్చింది. ఆరాధన ముగిసీ ముగియగానే ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూచుంది. కార్డు గుచ్చింది. పచ్చగీత ఆగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేక నేను వీపు వైపే చూశాను. భుజాలు దిగాయి. వేళ్లు కదిలాయి. నేను ఎన్నో ఏళ్లు ఆమెతో కాపురం చేశాను గానీ, ఆమె పనిచేస్తుంటే చూడడం అదే మొదటిసారి. వాన మొదలైనట్టు చప్పుడు. మధ్యలో ఒకచోట ఆగి, వెనక్కి తిప్పి విని, తనలో తాను నవ్వుకుని మళ్లీ కొనసాగించింది.

వంట నాది. మాంసం మసాలా ఎంత వేయాలో అడగడానికి రెండుసార్లు లోపలికి పోయి, ఆమె చెవులకు హెడ్‌ఫోను చూసి తిరిగొచ్చాను. కిలోకు ఇంత అని నేనే లెక్క కట్టి వేశాను. ఆ కూర గురించి ఎక్కువ రాయను.

నాలుగు దాటాక ఆమె టైపు చేసింది పంపింది. పంపినట్టు తెర మీద పడింది. ఇద్దరం జవాబు కోసం ఎదురు చూస్తూ కూచున్నాం. ఆమె నీళ్లు తాగింది. నేను కూడా తాగాను. జవాబు వచ్చింది, చాలా చిన్నది. రెండు తప్పులున్నాయి, సరిదిద్దాం, వచ్చే ఆదివారం నుంచి పని పంపుతాం అని. ఆమె దాన్ని ఒకసారి లోపల చదువుకుంది, ఒకసారి నాకు పైకి చదివి వినిపించింది, మళ్లీ ఒకసారి లోపల చదువుకుంది.

నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. మంచి మాట చెప్పాలనే అనుకున్నాను. కానీ నా నోటికి వచ్చేది ఒకటే. సంవత్సరానికి కట్టిన డబ్బును ఏడాదిలోని ఆదివారాలతో భాగిస్తే ఒక్కొక్క ఆదివారానికి ఎంత పడుతుంది, అందులో క్రిస్మస్ ముందు వారం తీసేస్తే...

"చూడు, సంవత్సరానికి ఆదివారాలు..." అన్నాను.

ఆమె తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "చెప్పొద్దు," అంది. "అన్నం మాడుతాండాది, పోయి చూడు."

పోయి చూశాను. మాడింది.